మస్తానమ్మ పాలలో నేను మునిగిన పొద్దు

నేను ఒక లాక్టోమీటర్‌ను, పాలలో నీళ్లు పట్టిస్తుందని మీరంతా నమ్మే గాజు బుడ్డిని. పొట్టలో సీసపు గుళ్లు, పైన సన్నటి మెడ, మెడలో గీతల కాగితం. గ్లాసెడు పాలలో ఎంత బరువు ఇమిడిందో, ఆ సాంద్రత ఒక్కటే నాకు తెలుసు. అది ఎక్కువైతే తేలతాను, తగ్గితే మునుగుతాను. నన్ను చేసినవాళ్లు అంతకుమించి ఏమీ నేర్పలేదు. మనుషులు మాత్రం నన్ను న్యాయమూర్తిని చేసేశారు.

ఒంగోలు దగ్గర ఒక పల్లెలో పాలకేంద్రానికి వచ్చాను. అంతకుముందు అక్కడ వేలు ముంచి చూసి పాలు పోయించుకునేవారట. కేంద్రం నడిపే మాలకొండయ్య నన్ను చూసి మురిసిపోయాడు.

మస్తానమ్మ ఇల్లు కేంద్రం పక్కనే. మొగుడు పోయాక ఒక్క గేదెతో సంసారం ఈడుస్తున్న మనిషి. పితికిన పాలు నురగ ఆరకుండానే తెచ్చేది. మాలకొండయ్య నన్ను వాటిలో వదిలాడు. మంచి పాలైతే ఇరవై ఎనిమిదో గీత దగ్గరే తేలాలి, ఇరవై నాలుగో గీత దాకా మునిగిపోయాను.

“ఎన్ని నీళ్లు పోశావు?” అన్నాడు అందరి ముందూ.

“అమ్మతోడు మాలకొండయ్యా, చుక్క కలపలా. ఏలు ముంచి చూడు, ఎంత చిక్కగుండయ్యో.”

“నీ ఏలు నిజం చెప్పుద్ది, మీటరు అబద్ధం చెప్పుద్దా?”

పాలు కాలవలో పారబోశాడు. నాకు గొంతుంటే అరిచేదాన్ని. వేడి పాలు తేలిక. వెన్న నీళ్లకంటే కూడా తేలిక, ఆ గేదె పాలలో వెన్న దండిగా ఉంది. వరసలో ఆమె వెనకే నిలబడ్డ సుబ్బరాయుడు ఇంటి దగ్గరే మీగడ తీసేశాడు. మీగడ పోయి బరువెక్కిన పాలలో చెంబుడు నీళ్లు కలిపి తెచ్చాడు. వాటిలో నేను ఇరవై తొమ్మిది దగ్గర నిటారుగా తేలాను.

“అదీ పాలంటే,” అన్నాడు మాలకొండయ్య.

మూడు రోజులు అదే తంతు. నాలుగో రోజు ఆమెను రావద్దన్నారు. ‘నీళ్ల మస్తానమ్మ’ అని పేరు పడింది. ఇళ్లకు పోస్తానన్నా ఎవరూ పోయించుకోలేదు. నెల తిరక్కుండానే గేదెను అమ్మేసింది. కొన్నవాళ్లు తోలుకుపోతుంటే రోడ్డు దాకా వెంట నడిచింది.

ఆ తర్వాత డెయిరీ నుంచి సూపర్‌వైజర్ వచ్చాడు. “వేడి పాలలో మీటరు పెట్టకూడదయ్యా, చల్లారనివ్వాలి. వెన్న ఎక్కువున్నా తక్కువే చూపిస్తది,” అని చెప్పి పోయాడు. మాలకొండయ్య ముఖం పాలిపోయింది. నన్ను గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు. ఇప్పుడు లేస్తాడు, ఆమె ఇంటికి వెళ్తాడు అనుకున్నాను. వెళ్లలేదు. మర్నాటి నుంచి పాలు చల్లార్చి చూడటం మొదలుపెట్టాడు, అంతే.

మిరప కోతలకు పోతున్న మస్తానమ్మ ఒక పొద్దున గ్లాసు పట్టుకుని వచ్చింది. మనవడికి జ్వరమట, కాసిని పాలు కావాలంది. వరసలోవాళ్లు ముసిముసిగా నవ్వారు. మాలకొండయ్య వాళ్ల వైపు ఒకసారి చూశాడు.

“భయపడమాక మస్తానమ్మా, నీళ్లు కలపనియ్యే పోస్తాలే,” అన్నాడు.

అందరూ పగలబడి నవ్వారు. అతను పోసింది సుబ్బరాయుడి పాలు. ఆమె గ్లాసులోకి చూసి, దాని మీద కొంగు కప్పి తీసుకెళ్లింది.