ఆఖరి మడ్‌గార్డు

"మైనం రాయడం కూడా ఒక పనేనా?" అంటాడు మొగుడు. పెళ్లైన కొత్తలో అన్నాడు, నిన్నా అన్నాడు. ఇంటి వెనక రేకుల షెడ్డులో ఫైబర్ సామాన్లు చేసే కార్ఖానా అతనిది, బోర్డు మీద పేరూ అతనిదే. మైనం గుడ్డ మాత్రం ఆమెది. ఇంట్లో మనిషికి జీతమేమిటి, నలుగురూ నవ్విపోరూ!

ఇప్పుడు ఆమె ముందున్నది పాత స్కూటరు మడ్‌గార్డు. ఆ బళ్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. వాటిని బాగుచేసే మెకానిక్ దగ్గర పగలని ప్లాస్టిక్ మడ్‌గార్డులు రెండే మిగిలాయి. ఒకదాని మీద ఫైబర్‌తో అచ్చు తీయించుకుంటే అందులో ఎన్ని కావాలంటే అన్ని చేయించుకోవచ్చని ఆశపడి తెచ్చిచ్చాడు పాపం. అది కాస్తా అచ్చుకు అతుక్కుపోయి, లాగితే ముక్కలైంది. ఇది రెండోది, ఆఖరిది.

"మా ఆవిడ చెయ్యి పెట్టిందండీ, అందుకే ఇలా" అని ఆరోజు మొగుడు నవ్వుతూ అన్న మాట ఆమెకు ఇప్పటికీ మంటగానే ఉంది. బాగా వస్తే తన పనితనం, చెడితే మా ఆవిడ చెయ్యి! అసలు జరిగింది వేరు. ఆమె మైనం రాస్తుంటే కళ్లజోడు కనపడట్లేదని అత్తగారు పిలిచింది. వెతికిచ్చి తిరిగొచ్చి, లోపలి మూల అయిపోయిందనుకుని పక్కది మొదలుపెట్టింది. రాసిన చోటూ రాయని చోటూ కంటికి ఒకేలా ఉంటాయి. మైనం లేనిచోట రెజిన్ జిగురు పట్టుకుందంటే ఇక చచ్చినా వదలదు.

ఈసారి మూలమూలా రాసి, ఆరనిచ్చి, గుడ్డతో తోమి, మళ్లీ రాసింది. పైన జెల్‌కోటు అనే చిక్కటి పూత పూసి, అది వేలికి అంటకుండా జిగటగా తగిలేదాకా ఆగింది. గాజుపీచుతో చేసిన ఫైబర్ మ్యాట్ పరిచి, గట్టిపడే మందు కలిపిన రెజిన్ అద్దడం మొదలుపెట్టింది. మందు కలిపాక రెజిన్ ఎవరికోసమూ ఆగదు, గిన్నెలోనే గడ్డకట్టేస్తుంది. సరిగ్గా అప్పుడే ఇంట్లోంచి మొగుడి కేక వినపడింది.

"ఏమోయ్, మెకానిక్ గారొచ్చారు. టీ పెట్టు!"

కాళ్లు వాటంతటవే లేవబోయాయి. ఆ అలవాటు చూసి ఆమెకు తన మీదే ఒళ్లు మండింది. ఈ ఇంటికొచ్చాక ఏ పనైనా మొదలుపెట్టి చివరిదాకా కూర్చుని చేసిందా? అన్నం తినేటప్పుడు కూడా ఎవరికో మంచినీళ్లకని మధ్యలో లేచిందే కదా. ఇక చాలు అనుకుంది.

"పాలు ఫ్రిజ్‌లో ఉన్నాయి. నేనిప్పుడు లేవను" అంది.

"విన్నావట్రా, లేవదట!" అంది అత్తగారు.

తర్వాత వంటింట్లో గిన్నెల చప్పుడు, చక్కెర డబ్బా కోసం వెతుకులాట. ఆమె తలెత్తకుండా బ్రష్‌తో పొడుస్తూ గాలిబుడగలు తీసేస్తూనే ఉంది.

అచ్చు బాగా గట్టిపడ్డాక మెకానిక్ మళ్లీ వచ్చాడు. ఆమె అంచు చుట్టూ చెక్క చీలలు దూర్చి సుత్తితో మెల్లగా తట్టింది. టక్కుమంది. మడ్‌గార్డు గీత కూడా పడకుండా ఊడి చేతిలోకొచ్చింది. అచ్చు లోపల నున్నగా, అద్దంలా ఉంది.

"చూశారా! ఈసారి నేనే దగ్గరుండి చేయించా" అన్నాడు మొగుడు.

మెకానిక్ రెజిన్ అంటిన ఆమె చేతులకేసి చూశాడు. "పోయినసారి అతుక్కుపోయింది కదమ్మా, ఈసారి ఏం మార్చారు?" అని ఆమెనే అడిగాడు.

"ఏమీ మార్చలేదండీ" అంది. "మధ్యలో లేవలేదు."