మైకమ్మ కలిపే మీటరు

వానలు వెళ్ళీ వెళ్ళక, చలి వచ్చీ రాక ఉండే రోజుల్లో సముద్రానికి బుద్ధి నిలకడగా ఉండదు. పొద్దున పలకరిస్తే పలుకుతుంది, మధ్యాహ్నానికి మీద పడి కరుస్తుంది. అలాంటి సముద్రం సంగతి రేవుకి చెప్పే ఉద్యోగం మైకమ్మది. తల్లిదండ్రులు పెట్టిన పేరు వేరే ఉంది గానీ, దానితో పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూడదు.

తెల్లవారగానే రేవు ఆఫీసు మేడ మీది గదిలో కూర్చుని, వాతావరణం వాళ్ళు పంపిన కాగితం చూసి, గాలి ఎటు నుంచి, అల ఎంత ఎత్తు, చూపు ఎంతదూరం ఆనుతుంది అన్నీ మైకులో చదువుతుంది. జెట్టీ పొడుగునా స్తంభాలకు కట్టిన లౌడ్‌స్పీకర్లు ఆ గొంతును ఐసు ఫ్యాక్టరీ దాకా మోసుకుపోతాయి. మంచి గొంతు. తుపాను కబురు కూడా చుట్టాలు వస్తున్నట్టు చెబుతుందని పేరు.

ఒకటే చిక్కు. అల ఎత్తు చెప్పేటప్పుడు ఆమె ఒక మీటరు కలుపుతుంది.

ఇదేమీ దొంగబుద్ధితో మొదలైన పని కాదు. కొత్తలో ఉన్నది ఉన్నట్టే చదివేది. అల రెండు మీటర్లు దాటితే పడవలు కదలకూడదని రేవులో కట్టుబాటు. రెండుంపావు అని చదివితే, పావే కదా అని అందరూ తాళ్ళు విప్పేవారు. అలా వెళ్ళిన పడవ ఒకటి ముక్కు పగలగొట్టుకుని, అందులో పనిచేసే ఇద్దరు కళాసీల చేతులు విరగ్గొట్టి వచ్చింది. మర్నాటి నుంచి ఆమె అర మీటరు కలిపింది. రేవు వాళ్ళేమన్నా అమాయకులా? వారం తిరక్కుండా కనిపెట్టి, ఆ అర తీసేసి వినడం మొదలెట్టారు. ఆమె ముప్పావు చేసింది. వాళ్ళూ ముప్పావు చేశారు. చివరికి ఒక మీటరు దగ్గర బేరం కుదిరింది.

ఈ బేరం గురించి ఎవరూ ఎవరితోనూ పైకి మాట్లాడలేదు. కూరగాయల కొట్లో చెప్పిన ధర ఎవరైనా ఇస్తారా? అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలుసు. ఇదీ అంతే. మైకమ్మ మూడంటే రెండు, పదండి పోదాం. నాలుగంటే మూడు, నోరుమూసుకుని పడుకోండి. ఇన్నేళ్ళలో మళ్ళీ ఒక్క పడవకీ దెబ్బ తగల్లేదు.

మరి గొడవ ఎక్కడొచ్చిందంటే, ఆమె మొగుడి నోటి దగ్గర.

ఆయన సరంగు, అంటే పడవ నడిపే మనిషి. సముద్రం మీద ఎంత నెమ్మదో టీ కొట్టు దగ్గర అంత వాగుడు. ఓ సాయంత్రం పదిమంది ముందు, "మా ఆవిడ ఏం చెప్పినా అందులో ఒకటి తీసేసి వినాలి. అలలైనా అంతే, నా తప్పులైనా అంతే" అన్నాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వారు. ఆ నవ్వు ఆయన కన్నా ముందే ఇల్లు చేరింది.

మైకమ్మకి ఒళ్ళు మండింది. అది అబద్ధమైతే ఇంత మండేది కాదు. రేవు మొత్తానికి తెలిసి, మర్యాద కొద్దీ ఎవరూ అనని సంగతిని ఈ మనిషి టీతో పాటు పంచిపెట్టి వచ్చాడు. ఆ పూట నుంచి ఆమె ఆయనతో మాట మానేసింది.

మైకమ్మ మాట మానేయడం అంటే మామూలు విషయం కాదు. పెళ్ళయిన కొత్తలో, మంచం కిటికీ దగ్గర వేయాలా గోడ దగ్గర వేయాలా అన్నదాని మీద మానేస్తే చలికాలం మొత్తం అలాగే గడిచింది. ఎప్పుడూ దిగొచ్చేది ఆయనే. ఆమె ముందుగా పలకరించిన దాఖలా లేదు, ఈ సంగతి రేవులో చిన్నా పెద్దా అందరికీ తెలుసు. ఈసారి మాత్రం ఆయనకీ పట్టుదల వచ్చింది. నలిగింది అత్తగారు.

"అత్తయ్యా, భోజనానికి లేవమనండి."

"ఒరేయ్, లేవమంటోంది."

"నాకు ఆకలి లేదని చెప్పమ్మా."

"ఆకలి లేదటే."

"అయితే అన్నీ మూతలు పెట్టేస్తానని చెప్పండి."

"నాకుంది ఆకలి," అంది అత్తగారు. "ముందు నాకు పెట్టి, తర్వాత మీ ఇద్దరూ ఎంతసేపు కావాలంటే అంతసేపు మూగనోము పట్టండి."

ఇలా ఉండగా రేవుకి కొత్త ఆఫీసరు వచ్చాడు. పాతాయన మైకు మోగినంతసేపూ చెవిలో పుల్ల పెట్టి తిప్పుకునేవాడు. కొత్తాయన కాగితం చేత్తో పట్టుకుని మైకు విన్నాడు. దురలవాటు.

"అమ్మా, కాగితంలో ముప్పావు మీటరుంది. మీరు ఒకటీ ముప్పావు అన్నారు."

"అన్నాను సార్."

"ఎందుకు?"

"వాళ్ళు ఒకటి తీసేస్తారు సార్."

"ఎందుకు తీసేస్తారు?"

"నేను ఒకటి కలుపుతాను గనక."

"మీరెందుకు కలుపుతారు?"

"వాళ్ళు తీసేస్తారు గనక."

ఆఫీసరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మంచివాడే పాపం, తెలివైనవాడు కూడా. "అయితే ఇద్దరూ ఒకేసారి మానేయండి," అన్నాడు.

మర్నాడు ఆమె పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆమె ఉన్నదున్నట్టు "అర మీటరు" అని చదివింది. రేవు అలవాటు చొప్పున ఒకటి తీసేసింది. తీసేసరికి అల సున్నా కన్నా కిందకి పోయింది. "ఇవాళ సముద్రం లేదట, పడవలు నెత్తిన పెట్టుకుని పోవాలట!" అని ఐసు మోసేవాడొకడు కేకేశాడు. మొగుడితో మాటల్లేక అక్కకి బుర్ర పనిచేయడం లేదని అందరూ కలిసి తీర్పు చెప్పి, హాయిగా వేటకి పోయి వచ్చారు.

ఆ తర్వాత ఈశాన్యపు గాలి పట్టుకుంది. పట్టుకున్నది వదల్లేదు. గట్టు మీద నిలబడితే నోట్లోకి ఉప్పునీళ్ళు కొట్టే రోజులవి, మైకుతో ఎవరికి పని? పడవలన్నీ కట్టేసి ఉన్నాయి. వలలు కుట్టినవే మళ్ళీ కుట్టారు. సరంగు ఇంట్లో కూర్చుని తల్లితో మాట్లాడీ మాట్లాడీ ఆవిడకి తలనొప్పి తెప్పించాడు.

ఓ పొద్దున గాలి ఉన్నట్టుండి పడిపోయింది. ఆకాశం కడిగి బోర్లించిన కంచంలా ఉంది. రేవంతా చేతులు దురదపెట్టి, చీకటి విడవకముందే పడవల్లో ఐసు నింపుకున్నారు.

కాగితం మాత్రం వేరే మాట చెబుతోంది. ఎక్కడో నడిసముద్రంలో లేచిన తుపాను తాలూకు అలలు మధ్యాహ్నానికి ఒడ్డు చేరతాయి, ఎత్తు మూడు మీటర్లు. గాలి లేకుండా వచ్చే అల సంగతి మైకమ్మకి బాగా తెలుసు. లోతులో ఉన్నంతసేపూ పడుకునే వస్తుంది. రేవు మూతి దగ్గర ఇసుక మేట మీదకి రాగానే లేచి నిలబడుతుంది. పొద్దున వెళ్ళిన పడవలు మధ్యాహ్నం తిరిగొచ్చేది సరిగ్గా ఆ మేట మీదుగానే.

మూడు. మూడంటే రేవు లెక్కలో రెండు. రెండంటే పదండి పోదాం.

ఆమె కిటికీలోంచి చూసింది. వరసలో మొదటి పడవ మొగుడిదే. ఇంజను పొగ వదులుతోంది, ఆయన ముందువైపు నిలబడి తాడు విప్పుతున్నాడు. ఫోను చేసి లాభం లేదు. పడవెక్కగానే ఫోనుని ప్లాస్టిక్ సంచిలో చుట్టి, డబ్బాలో పెట్టి, డబ్బా మీద కూర్చునే మనిషి.

"సార్, నాలుగని చదవనివ్వండి. ఇవాళ ఒక్కరోజుకి."

"మూడే ఉందమ్మా."

"వాళ్ళు రెండనుకుంటారు."

"అది వాళ్ళ తప్పు కదా?"

"తప్పు వాళ్ళదే సార్. మునిగేదీ వాళ్ళే."

ఆఫీసరు ఇబ్బందిగా కదిలాడు. "ఇవాళ నాలుగంటే రేపు ఐదనాలి. దీనికి అంతెక్కడ? మూడే చెప్పండి, కాస్త గట్టిగా చెప్పండి."

"మూడు మీటర్లు," అని చదివింది మైకమ్మ. "నిజంగా మూడు."

"అక్క ఒట్టేస్తోందిరోయ్!" అని కింద ఎవరో అరిచారు. "అయితే ఒకటిన్నరే!" నవ్వులు. తాళ్ళు విప్పే చేతులు ఇంకా చురుగ్గా కదిలాయి.

ఆఫీసరుకి పౌరుషం వచ్చింది. మైకు తన వైపు లాక్కుని, "నేను రేవు అధికారిని మాట్లాడుతున్నాను. మూడు అంటే మూడే. అందరూ గమనించగలరు," అన్నాడు. ఆ గొంతు రేవులో ఎవరూ ఎరగరు. వెళ్ళాలా వద్దా అని ఊగిసలాడుతున్న రెండు పడవలు అది విని లంగరెత్తేశాయి. ఆఫీసరన్నవాడు వద్దంటున్నాడంటే అక్కడ చేపలున్నాయనే అర్థం.

మొదటి పడవ తాడు నీళ్ళలో పడింది. మైకమ్మ కుర్చీలోంచి లేచింది. కోపం ఉంది, పోలేదు. కానీ దాని పక్కనే భయం వచ్చి కూర్చుంది, కోపం కన్నా ఒడ్డూపొడుగూ ఉన్న భయం. ఆమె మైకు వెనక్కి తీసుకుంది.

"ఏమండీ," అంది.

రేవు ఆగిపోయింది. ఐసు కొట్టే మిషను తప్ప ఇంకే చప్పుడూ లేదు. దాన్ని కూడా ఎవరో ఆపేశారు.

"ఏమండీ, మిమ్మల్నే. మీరు టీ కొట్టు దగ్గర అన్నమాట నిజమే. నేను కలుపుతాను. ఇవాళ కలపలేదు. మూడే ఉంది, మధ్యాహ్నానికి మేట మీద విరుగుతుంది. వెళ్ళకండి. నాకు భయంగా ఉంది."

మొదటి పడవ ఇంజను ఆగింది. పక్క పడవ సరంగు నోట్లో సిగరెట్టు జారి వల మీద పడింది, కళాసీ తొక్కి ఆర్పాడు.

"అక్కే ముందు మాట్లాడింది," అన్నాడు కళాసీ.

"మొగుడన్నది నిజమే అంది," అన్నాడు సరంగు. "మైకులో."

ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మీటర్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. మైకమ్మే దిగొచ్చిందంటే సముద్రం ఎంత పైకి లేస్తుందో తలుచుకోవడానికే ఎవరికీ ధైర్యం చాలలేదు. విప్పిన తాళ్ళు మళ్ళీ కట్టారు. లంగరెత్తినవాళ్ళు వెనక్కి తిప్పారు. చిన్న పడవలవాళ్ళు ఇంకో అడుగు ముందుకేసి పడవల్ని రోడ్డు మీదకే లాగేశారు.

మధ్యాహ్నం అల వచ్చింది. మేట మీద గోడలా లేచి, గట్టు దాటి దూకి, ఐసు పెట్టెల్నీ టీ కొట్టు బల్లల్నీ ఊడ్చుకుపోయింది. అంతసేపూ గాలి ఆకు కదిలేంత కూడా లేదు. ఆఫీసరు "సరిగ్గా మూడు," అని సంతోషించాడు. తర్వాత మేట వైపు ఇంకోసారి చూసి, సంతోషం మానేసి, మంచినీళ్ళు అడిగాడు.

సాయంత్రం ఇంట్లో సరంగు చాలాసేపు తడి లేని చేతుల్ని తువ్వాలుతో తుడుచుకున్నాడు.

"అంత భయమేసిందా?" అన్నాడు చివరికి.

"చాలా వేసింది."

"ఒకటి తీసేస్తే?"

"తీసేసినా చాలా."

ఆయన పీట వాల్చుకుని కూర్చున్నాడు. అత్తగారు ఎవరూ అడక్కుండానే ముగ్గురికీ వడ్డించింది.

ఆ తర్వాత రేవు లెక్క మారిపోయింది. మైకులో ఎన్ని మీటర్లని చెప్పినా ఇప్పుడెవరికీ పట్టదు. అంకె చదవడం అయ్యాక తాళ్ళు చేతపట్టుకుని కాసేపు ఆగుతారు. "ఏమండీ" వినబడితే కట్టేస్తారు, వినబడకపోతే పోతారు. ఆఫీసరు మొదట ఇది కుదరదంటే కుదరదన్నాడు, పైవాళ్ళకి ఏమని జవాబు చెప్పాలో తెలియక. ఇప్పుడు అల రెండు దాటిన రోజున ఆయనే కాగితం అడుగున పెన్సిలుతో ఆ మాట రాసి, కింద గీత గీసి ఇస్తున్నాడు.

మైకమ్మ రెండు దాటితేనే ఆ మాట అంటుంది. ఊరికే అంటే విలువ పోతుందనీ, రేవు మళ్ళీ తీసేసి వినడం మొదలెడుతుందనీ ఆమెకి అనుభవమే. కానీ అర మీటరు కూడా లేని పొద్దుల్లో, కింద ఆయన తాడు విప్పుతుంటే, ఆ మాట గొంతు దాకా వచ్చేస్తుంది. అందుకని మైకు ఆపేసి, ఆపిందని రెండోసారి చూసుకుని, అప్పుడు అంటుంది.