అక్క కొట్టుకి పదకొండు మార్కులు

ఆఫీసులో ఆమెను మేడమ్ అంటారు. ఇంట్లో మాత్రం నలభై నాలుగేళ్లొచ్చినా బుల్లే. పల్లెల్లో తిండి సరుకులమ్మే కొట్లకి మార్కులు వెయ్యడం ఆమె ఉద్యోగం. తాజా కూరగాయలున్నాయా, పళ్లున్నాయా, పప్పులు కంటికి కనబడేచోట పెట్టారా, చిప్స్ ప్యాకెట్లు పిల్లల చేతికందకుండా పెట్టారా, ఇలాంటివి నలభై ప్రశ్నలు. ఒక్కోదానికి ఒక్క మార్కు. ఊళ్లో ఉన్నది ఒకటే కొట్టయితే ఊరు ఏం తినాలో ఆ కొట్టే నిర్ణయిస్తుంది. అందుకని ఈ మార్కుల్ని చూసి ఏ ఊరికి ఏం చెయ్యాలో పైవాళ్లు ఆలోచిస్తారు.

ఆ ఏడాది జాబితాలో పద్నాలుగో కొట్టు ఆమె అక్కది. అక్క పోయి అప్పటికి యాభై రెండు రోజులు.

"సొంతవాళ్ల కొట్టుకి నేను వెళ్లకూడదు కదా సార్," అంది ఆఫీసరుతో. ప్రతి కాగితం మీదా అర్జెంటు అని రాస్తాడని ఆయనకి అర్జెంటు సారు అని పేరు.

"ఇంకెవరున్నారమ్మా? ఒకాయన సెలవు, ఒకావిడ బదిలీ. నువ్వు మార్కులు వేసి కింద బంధుత్వం రాసెయ్యి. తర్వాత నేనూ ఒకసారి వెళ్లి చూస్తాలే."

బుల్లి సరేనంది. ఈ మధ్య ఎవరేమన్నా సరేనంటోంది. అక్క పోయిన రోజూ అంతే. ఫోనొస్తే సరేనంది, వెళ్లింది, జరగాల్సినవన్నీ దగ్గరుండి జరిపించింది, వంటింట్లో గిన్నెలు కడిగింది. కంట్లో చుక్క రాలేదు. చూసినవాళ్లు గట్టి మనిషన్నారు. గట్టితనం కాదని ఆమెకి తెలుసు. పళ్ల డాక్టరు సూది వేశాక కాసేపు బుగ్గ మనది కానట్టుంటుంది చూడండి, ఆమెకి ఒళ్లంతా అలా ఉంది.

కొట్టు బస్సాగేచోటుకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఒకటే గది, పైన రేకులు, ముందు చెక్కబల్ల. బావ బల్ల వెనక స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం మాసింది. చొక్కాకి ఒక గుండీ తప్పించి పెట్టుకున్నాడేమో, ఒక పక్క కిందకి జారింది.

"రా బుల్లీ. తిన్నావా?"

"తిన్నాను బావా. ఇవాళ పని మీదొచ్చాను."

"ఆ ఆఫీసు సంచీ చూస్తే తెలీట్లేదా? కానివ్వు."

ఎడమ నుంచి కుడికి చూసుకుంటూ రావాలని రూలు. ఎడమ గోడవారన నాలుగరల ఇనప ర్యాకు. కిందటేడు అందులో టమాటాలు, వంకాయలు, బెండకాయలు, పై అరలో తడిగుడ్డ కప్పిన ఆకుకూరలు ఉండేవి. వారానికి మూడుసార్లు అక్క తెల్లారగట్ల బస్సుకి పట్నం మార్కెట్టుకెళ్లి రెండు బుట్టలు తెచ్చేది. యాభై రెండు రోజుల కిందట ఆ బుట్టలు దింపుకుంటూ బస్సు మెట్టు మీదే గుండె పట్టుకుని కూలబడింది. బావ రోడ్డు దాటి వచ్చేలోపే అంతా అయిపోయింది.

ఇప్పుడు నాలుగరల్లోనూ చిప్స్ ప్యాకెట్లే ఉన్నాయి. బుల్లి కూరగాయల దగ్గర సున్నా వేసింది. పళ్ల దగ్గర సున్నా. గుడ్లకి ఒకటి, పప్పులకి ఒకటి.

ఇంతలో పక్కింటి ముసలమ్మ వచ్చింది. ఆవిడకి షుగరు.

"ఆకుకూరేమైనా వచ్చిందా నాయనా?"

"రాలేదు పెద్దమ్మా."

"రేపు?"

"రేపూ రాదు."

"డాక్టరేమో ఆకులు తినమంటాడు, నువ్వేమో బిస్కెట్లు తినమంటావు. ఎవరి మాట వినను?" అని గొణుక్కుంటూ బిస్కెట్ ప్యాకెట్ తీసుకుని వెళ్లిపోయింది.

"రోజూ అడుగుతుంది," అన్నాడు బావ. "లేవని తెలిసీ అడుగుతుంది."

కూరగాయలు లేకపోతే కారణం రాయాలి. కొనేవాళ్లు లేరా, పాడైపోతున్నాయా, సరఫరా లేదా, ఇతరమా.

"కారణం చెప్పాలి బావా."

"నీకు తెలీదా?"

"కొట్టువాళ్లు చెప్పిందే రాయాలి."

బావ రోడ్డు వైపు చూశాడు. "ఆ బస్సెక్కలేకపోతున్నాను," అన్నాడు. "రెండుసార్లు బయల్దేరాను. మెట్టు మీద కాలు పెట్టబోయి వెనక్కొచ్చేశాను. రాసుకో."

'ఇతరం. తెచ్చే మనిషి లేదు,' అని రాసింది. అక్షరాలు ఎప్పట్లాగే గుండ్రంగా వచ్చాయి.

చివర రెండుసార్లు కూడింది.

"ఎంతొచ్చింది?"

"చెప్పకూడదు బావా."

"కిందటేడు వేరేవాళ్లు వేసిన మార్కులు మీ అక్కకి చెప్పావుగా. ముప్పై ఒకటని ఊరంతా చాటింపేసింది."

"పదకొండు."

బావ ముఖం ఎర్రబడింది. "మీ అక్క కొట్టుకి పదకొండు వేశావా?"

"ఉన్నదే వేశాను."

"ఇంకో పది కలిపితే నీ సొమ్మేం పోయింది?"

"కలపలేను."

ఆయన మొహం తిప్పుకున్నాడు.

తిరుగు బస్సు ఆగింది. ఆ ఊరికొచ్చేది ఒకటే బస్సు, అక్క కూలబడ్డ మెట్టు అదే. రబ్బరు అరిగి, అంచున ఇనుము బయటపడింది. బుల్లి దాన్ని చూసింది, కాలు పెట్టింది, ఎక్కింది, కిటికీ పక్కన కూర్చుని టికెట్ తీసుకుంది. ఏమీ అనిపించలేదు. ఏమీ అనిపించనందుకే కొంచెం భయం వేసింది.

మరుసటి వారం అర్జెంటు సారు స్వయంగా వెళ్లొచ్చాడు. ఆయన లెక్కలోనూ పదకొండే తేలింది. నెల తిరిగాక పైనుంచి ఉత్తర్వులొచ్చాయి. పదిహేనుకి తక్కువొచ్చిన కొట్లకి వారానికి రెండుసార్లు కూరగాయల వ్యాను పంపుతారట. ఆ సంగతి ముందుగా ఎవరికీ తెలీదు, బుల్లికి కూడా.

మొదటి రోజు వ్యానుతో వెళ్లి సరుకు చూసి రావడం ఆమె వంతే అయింది. అన్నాళ్లూ బావ ఒక్కసారీ ఫోను చెయ్యలేదు. వ్యాను కొట్టు ముందాగినా స్టూలు మీంచి లేవలేదు. డ్రైవరు పెట్టెలు దింపి అరుగు మీద పేర్చాడు. ముసలమ్మ అందరికంటే ముందొచ్చింది.

"ఏం నాయనా, నువ్వు అమ్ముతావా, నన్నమ్మమంటావా?"

బావ లేచాడు. ర్యాకులోంచి చిప్స్ ప్యాకెట్లు తీసి ఓ అట్టపెట్టెలో కుక్కాడు. ఆకుకూర కట్టలు అడుగున పెట్టి వాటి మీద బంగాళాదుంపలు పోయబోయాడు.

"బావా, నలిగిపోతాయి."

"తెలుసు," అన్నాడు గాని, దుంపల పెట్టె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "మీ అక్క ఎక్కడ పెట్టేది?"

"పై అరలో. తడిగుడ్డ కప్పి."

"గుడ్డేదీ?"

అది ఎక్కడుందో బుల్లికీ తెలీదు. బావ భుజం మీది తువ్వాలు తీసి కుళాయి కింద తడిపి తెచ్చాడు. ఇద్దరూ కలిసి సర్దారు. ముసలమ్మ రెండు కట్టలు తీసుకుని, వాడిపోయిన రెండాకులు గిల్లి బల్ల మీద పడేసి వెళ్లింది.

"ఇప్పుడు ఎంత వేస్తావు?"

"మళ్లీ ఏడాది దాకా వెయ్యం బావా."

ఆయన తలూపాడు. "అన్నం తిని వెళ్లు."

కొట్టు వెనక గదిలో కూర్చున్నారు. బావ ఈ మధ్యే వండుకోవడం నేర్చుకున్నాడు. కూరలో ఉప్పు బాగా పడింది.

"ఉప్పెక్కువైందా?"

"ఎక్కువైంది."

ఆయన ఇంకో గరిటెడన్నం ఆమె కంచంలో వేశాడు. బుల్లి కలుపుకుంది. బయట డ్రైవరు హారన్ కొట్టాడు. ఇంకా మూడు ఊళ్లకి వెళ్లాలి. తినడం పూర్తి చేసి, చెయ్యి కడుక్కుని, సంచీ తగిలించుకుని బయటికొచ్చింది.