బావ వేసిన తాళాలు

మా బావ రేడియోలూ యాంప్లిఫయర్లూ బాగుచేస్తాడు. పనిచేస్తున్న దేన్నీ ముట్టుకోకూడదన్నది ఆయన సిద్ధాంతం. ఆ సిద్ధాంతం వాళ్ళింటి కంప్యూటర్ దాకా పాకిందని ఆ ఆదివారం దాకా నాకు తెలియదు.

అక్క సైన్సు టీచరు. కిందటేడు ఆమెకు చూపు పూర్తిగా పోయింది. పాఠం చెప్పడానికి ఏ ఇబ్బందీ లేదు, పుస్తకమంతా నోటికి వచ్చు. చిక్కల్లా పరీక్ష పేపర్లతోనే. బావ పక్కన కూర్చుని పిల్లల జవాబులు చదువుతాడు, అక్క మార్కు చెబుతుంది, ఆయన వేస్తాడు. ఈ సంగతి హెడ్‌మిస్ట్రెస్ చెవిన పడింది. "పేపర్లు దిద్దేది మీరా, మీవారా?" అని అడిగి, ఈ విడత నుంచి సొంతంగా దిద్దలేకపోతే పై క్లాసులు వేరేవాళ్ళకు ఇచ్చేస్తానంది. అవి పోతే తను ఉన్నా లేనట్టేనని అక్క ఫోనులో ఏడ్చింది.

నాది సర్వర్లు చూసుకునే ఉద్యోగం. చేతిరాతను చదివి వినిపించే ప్రోగ్రామ్ ఒకటి మా ఆఫీసు స్నేహితురాలు తయారుచేసింది. అది కంటైనర్‌గా వస్తుంది, అంటే దానికి కావలసిన సరంజామా అంతా ఒకే పెట్టెలో సర్ది ఇస్తారన్నమాట. ఆ పెట్టెను నడపడానికి కంటైనర్ ఇంజన్ ఉండాలి. ప్రోగ్రాములను ప్యాకేజీలుగా తెచ్చిపెట్టే ప్యాకేజీ మేనేజర్‌కు ఒక్క ఆదేశం ఇస్తే ఇంజన్‌నూ, దాని వెనకున్న బలగాన్నీ అదే తెచ్చి అమర్చిపెడుతుంది. టీ చల్లారేలోగా అయిపోతుందని గొప్పలు పోయాను.

టీ చల్లారింది, పని కాలేదు. కొన్ని ప్యాకేజీలను కదలనివ్వకుండా పట్టి ఉంచారు, నావల్ల కాదని ప్యాకేజీ మేనేజర్ మొండికేసింది. ఏవో చూద్దామంటే తెర నిండా అవే. నేను బావ వైపు తిరిగాను. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

"బావా, వీటన్నిటికీ తాళాలెందుకేశావ్?"

"పనిచేస్తున్నాయని."

"పనిచేసేవాటికి తాళమేస్తారా ఎవరైనా?"

"పనిచెయ్యనివాటికి వేసి ఏం లాభం?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అప్పుడు అక్క అసలు సంగతి చెప్పింది. చూపు పోయిన కొత్తలో ఏదో అప్‌డేట్ వచ్చి, తెర మీది అక్షరాలను చదివి వినిపించే గొంతు మూగబోయిందట. అది బాగయ్యేదాకా అక్క ఎవరితోనూ సరిగా మాట్లాడలేదట. బావ దాన్ని ఎలాగో మళ్ళీ పలికించి, ఇంకెప్పుడూ ఆ గతి పట్టకూడదని చేతికందిన ప్రతి ప్యాకేజీకీ తాళం వేసేశాడు. వాటిలో ఒక లైబ్రరీ ఉంది, అంటే వేరే ప్రోగ్రాములన్నీ పంచుకుని వాడుకునే సరుకన్నమాట. ఇంజన్‌కు దాని కొత్త వెర్షన్ కావాలి. అక్క వినే గొంతు దాని పాత వెర్షన్ మీదే నడుస్తోంది. తాళం తీస్తే ఇంజన్ రావచ్చు, ఉన్న గొంతు పోవచ్చు. నా కోపం చప్పున చల్లారిపోయింది.

"ఆ ఇంజన్ ఒక్కటే దింపి, నేను చేత్తో ఎక్కించేస్తాలే మరదలా. వీటి జోలికి పోవద్దు," అన్నాడు బావ.

"బలవంతాన దూరిస్తే రెండూ చెడతాయి బావా."

"అయితే అసలొద్దు. మానేద్దాం."

"వినేది నేను కదండీ, నన్నడగరేం?" అంది అక్క. "తాళం తియ్యండి. పోతే మళ్ళీ మీరే బాగుచేద్దురుగాని. పోతుందేమోనని ఎన్నాళ్ళు కాపలా కాస్తారు?"

తాళం బావ చేతనే తీయించాను. ఈసారి ప్యాకేజీ మేనేజర్ ఏమేం తెస్తుందో చూపించి, సరేనా అని అడిగింది. సరే అన్నాం. ఇంజన్ బుద్ధిగా వచ్చి కూర్చుంది. కంప్యూటర్ ఆపి మళ్ళీ వేశాం. తెర వెలిగింది కానీ గొంతు రాలేదు. బావ ముఖం పాలిపోయింది.

అక్క మాత్రం బల్ల మీద చెయ్యి చాచి, తడుముతూ పోయి, హెడ్‌ఫోన్ తీగ పట్టుకుని లాగేసింది. గొంతు గదంతా వినిపించింది.

"రేడియోలు బాగుచేసి బతుకుతున్నావ్, హెడ్‌ఫోన్ తగిలించి ఉందని చూసుకోవా?" అన్నాను. ఆయనకు నవ్వే ఓపిక కూడా లేదు, చతికిలబడ్డాడు.

ఇంజన్ మీద స్నేహితురాలి పెట్టె నడిపించి, మొదటి పేపరు స్కాన్ చేసి పెట్టాను. గొంతు తడుముకోకుండా చదివింది. "మొక్కలు పగలు ఆహారం వండుకుంటాయి. రాత్రి తిని పడుకుంటాయి. అందుకే మాను లావవుతుంది."

"ఎవరే ఇది?"

"తొమ్మిదో నంబరు."

"తొమ్మిదో నంబరు ఎప్పుడూ చక్కగా రాసేదే!" అని ఆగి, అక్క బావ ఉన్న వైపు తిరిగింది. "ఏవండీ?"

బావ గొంతు సవరించుకున్నాడు. "పసివాళ్ళు కదా. చదివేటప్పుడు నేనే కాస్త సర్దేవాణ్ణి."

"కాస్తేనా?"

"జవాబు మొత్తం."

హెడ్‌మిస్ట్రెస్ ఊరికే అనుమానపడలేదన్నమాట. అక్కకు కోపం వస్తుందనుకున్నాను. కానీ కళ్ళ వెంట నీళ్ళు కారేదాకా నవ్వింది. నవ్వి, కళ్ళు తుడుచుకుని, కీబోర్డు మీద వేలితో వెతికి సున్నా కొట్టింది. "సున్నా," అని చదివింది గొంతు. చూపు పోయాక అక్క తన చేత్తో వేసిన మొదటి మార్కు అది. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

"పాపం, అర మార్కయినా వెయ్యరాదూ?" అన్నాడు బావ.

"మీరు కాసేపు బయట కూర్చోండి," అంది అక్క. "నేను పేపర్లు దిద్దుకోవాలి."