ఏటి ఒడ్డున అత్తయ్య గడియారం

తిన్నాక రెండు గంటల పాటు ఏట్లో కాలు పెట్టకూడదన్నది మా అత్తగారు ఎదువీహెస్ శాసనం. పెడితే మూతి వంకరపోతుందట. మా పోర్టోరికోలో ఈ నియమం లేని ఇల్లు లేదు. కాకపోతే మిగతావాళ్లు అంచనాగా చూసుకుంటారు, ఆవిడ గడియారం పెట్టుకుని చూస్తుంది.

ఆ ఆదివారం ఎల్ యుంకే అడవిలో, జలపాతం కింది మడుగు పక్కన కూర్చుని, పచ్చికందులూ పంది మాంసమూ వేసి వండిన అన్నం తిన్నాం. ముగించేసరికి ఒంటిగంట. రోజూ రెండు దాటితే కొండ మీద మబ్బు పట్టేస్తుంది. వాన పడిందంటే ఏరు పొంగుతుంది, ఇక ఎవరూ దిగరు.

మా పదకొండేళ్ల యారెలిస్ పోయినేడు ఈ మడుగులోకి జారే నున్నటి జారుడుబండ ఎక్కి, భయపడి, ఏడుస్తూ వెనక్కి పాకింది. అప్పటినుంచి మా చెల్లెలి పిల్లలు దాన్ని "పీతా" అని పిలుస్తున్నారు. ఇవాళ జారి తీరతానని వారం రోజులుగా ఒకటే పాట.

"అమ్మా, మబ్బొచ్చేస్తోందే," అంది నా చెవిలో.

అత్తగారు మడత కుర్చీలో గురక పెడుతోంది. చేతులు కడుక్కోవడానికి తీసిన గడియారం సంచీ పిడికి వేలాడుతోంది. దాని ముళ్లు గంటన్నర ముందుకు తిప్పాను. నలభయ్యారేళ్లొచ్చాయి, అయినా దొంగలా అటూ ఇటూ చూసుకున్నాను.

కాసేపటికి ఆవిడ లేచి గడియారం చూసుకుంది. "మూడయిందే!"

"అవునత్తయ్యా. రెండు గంటలూ నిండాయి."

"నిండితే? నాలుగింటికి పక్కింట్లో ప్రార్థన. సామాను సర్దండి."

యారెలిస్ నా వంక చూసిన చూపుకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అత్తయ్యా... అసలు ఒకటిన్నరే అయింది. నేనే తిప్పాను."

ఆవిడ నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "అయితే ఇంకా గంటన్నర కూర్చోండి."

"నాన్నమ్మా, నేనసలు తిననే లేదు!" అంది యారెలిస్. "ఒక్క మెతుకు ముట్టలేదు. అంతా దానికే పెట్టేశా."

అది వేలు చూపిన చోట అడవిలో తిరిగే ఎర్ర కోడిపుంజు ఒకటి పొట్ట నిండి లేవలేక రెక్కలు పరుచుకుని పడి ఉంది.

"నా అన్నం కోడికా!" గడియారం కంటే ఆవిడకు ఇదే ఎక్కువ మండింది. "తెల్లారకముందే లేచి వండానే!"

"దానికి చాలా నచ్చింది, నాన్నమ్మా."

అత్తగారు పుంజును కాలి బొటనవేలితో కదిపింది. అది కళ్లు కూడా తెరవలేదు. ఆవిడ మూతి బిగించింది గానీ లోపలి నవ్వుకి పొట్ట కదులుతూనే ఉంది.

"పోవే. తినని దానికి నియమమేముంది!"

నేనూ లేచాను.

"నువ్వెక్కడికి? రెండుసార్లు వడ్డించుకున్నావు, చూశాను. కూర్చో."

యారెలిస్ బండ మీద కూర్చుంది. అంచు పట్టుకుని, కిందికి చూసి, అలాగే ఉండిపోయింది. మెల్లిగా ఒక మోకాలు వెనక్కి జరిగింది.

"ఓ పీతా!" అని అరిచింది అత్తగారు, అడవంతా వినబడేలా.

ఆ పేరు వినగానే ఒళ్లు మండి పిల్ల రెండు చేతులూ వదిలేసింది. సర్రున జారి మడుగులో పడింది. తేలుతూనే, "నేను పీతను కాదు!" అని కేకలు పెట్టింది.

"కాదులేవే, కాదు!" అంది నాన్నమ్మ.

ఆ తర్వాత గడియారం సరిచేసుకోసాగింది. తొంగి చూస్తే ముల్లు తిరిగి తిరిగి ఒంటిగంట దగ్గర ఆగింది.

"అత్తయ్యా, ఒంటిగంట ఎప్పుడో దాటింది కదా!"

"ఎక్కడ?" అంది ఆవిడ, గిన్నె అడుగున మాడుచెక్క గీకి నోట్లో వేసుకుంటూ. "ఇప్పుడే కదే తిన్నాం."