ఇంటికో కాగితం

మధ్యాహ్నం ఇంటికి పరిగెత్తి, మంచంలో ఉన్న అత్తగారిని పక్కకు తిప్పి, మళ్లీ ఆఫీసుకు వచ్చేసరికి భోజనం టైము అయిపోయింది. డబ్బా పక్కన పెట్టి కాగితాల కట్ట విప్పాను. వచ్చినవాటికి వరస నంబర్లు వేసి పెద్దసారు బల్ల మీద పెట్టడం నా పని. మా వీధి చివర పాత టెలిఫోన్ ఎక్స్ఛేంజీకి తాళం పడి పదకొండేళ్లయింది. మంచం పట్టిన ముసలివాళ్లను పగలంతా చూసుకునే కేంద్రంగా దాన్ని మారుద్దామా వద్దా రాసిమ్మని మా మున్సిపల్ ఆఫీసు వీధివాళ్లను అడిగింది. ఆ జవాబులే ఈ కాగితాలు. ఎక్కువమంది వద్దంటే కూల్చేసి కార్లు నిలుపుకోవడానికి ఇస్తారు. ఏడో కాగితం మీద దస్తూరీ నాకు బాగా తెలిసిందే. "మా ఇంట్లో ఎవరికీ అవసరం లేదు. పెద్దవాళ్లను చూసుకోవడానికి మనుషులున్నారు." కింద మా ఆయన సంతకం.

మనుషులున్నారట! ఆ మనుషులందరూ నేనొక్కదాన్నే. నడుము పట్టేసిందని ఒకసారి నోరు జారితే, ఆయన "ఆఫీసులో కూర్చునే పనేగా, ఇంట్లో కాస్త ఒళ్లు వంచితే మంచిదే" అన్నారు. ఆడపడుచేమో ఫోన్లో "మా అమ్మ అదృష్టవంతురాలు వదినా" అని కళ్లు తుడుచుకుంటుంది. మాటలు కోటలు దాటుతాయి గానీ కాళ్లు మా గడప దాటవు.

చించేద్దామనిపించింది. అబద్ధమెందుకు, సగానికి మడిచాను కూడా. అంతలో మిగతావి తిరగేశాను. ఇంటికో కాగితం, అన్నీ మగవాళ్ల సంతకాలే. నోటీసు టైపు చేసింది నేనే. "వీధిలో పద్దెనిమిదేళ్లు నిండిన ప్రతి ఒక్కరూ ఒక్కో కాగితం ఇవ్వాలి" అని అందులో స్పష్టంగా ఉంది. ఇంటికొకటి చాలని ఎవరూ చెప్పలేదు, అలవాటు కొద్దీ అందరూ అలా చేశారు. టైపు చేసిన నేను కూడా ఆయన రాస్తారులే అని ఊరుకున్నాను. సిగ్గేసింది.

మడత సరిచేసి, ఏడో నంబరు వేసి, కట్టలో పెట్టాను. రేపటితో గడువు అయిపోతుంది. ఖాళీ ఫారాలు, ఇంకు ప్యాడు సంచిలో వేసుకుని సాయంత్రం వీధిలో ప్రతి తలుపూ తట్టాను. టైలరమ్మ కుట్టుమిషను మీదే రాసిచ్చింది. లెక్కల టీచరు "మావారు ఇచ్చారు కదండీ" అంది.

"అది ఆయనది. మీదేది?" అన్నాను. లోపలికి వెళ్లి పెన్ను తెచ్చుకుంది.

ఇంటికి రాగానే మా ఆయన టీవీ ముందు నుంచి కదలకుండా, "ఇంత ఆలస్యమా? అమ్మ పక్క మార్చాలి" అన్నారు. మార్చాను. తర్వాత ఆ మంచం అంచునే కూర్చుని నా ఫారం, అత్తగారి ఫారం నింపాను. ఆవిడకు కుడివైపంతా పడిపోయింది, మాట ముద్దగా వస్తుంది, బుద్ధి మాత్రం చురుకే.

"ఏం రాశావే?"

"మీకు ఆ కేంద్రం అవసరముందని."

 ఆవిడ తన అత్తగారికి ఈ గదిలోనే పన్నెండేళ్లు చాకిరీ చేసిన మనిషి.

"అది కొట్టెయ్," అంది.

ఆవిడ మాట కాదనలేక ఆ వరస కొట్టేశాను.

"నా కోడలికి అవసరముందని రాయి," అంటూ ఎడమచేతి బొటనవేలు ఇంకు ప్యాడు వైపు చాపింది.