బొంగు పట్టే బొజ్జయ్య

బొంగు భుజం మీదికి రాగానే బొజ్జయ్య మెడ ఒకసారి అటూ ఇటూ తిప్పి, కాలి బొటనవేళ్లు బురదలో గుచ్చి పట్టు చూసుకున్నాడు. అంతే, ఇక కదలడు. పొద్దుటి ట్రిప్పు ముగించుకుని లాంచీ రేవుకు చేరింది. లాంచీకీ ఒడ్డుకీ మధ్య బల్ల వేశారు. జనం ఆ బల్ల మీద నడుస్తూ, పక్కన నడుమెత్తున నిలిచిన వెదురు బొంగును పట్టుకుని దిగుతున్నారు. బొంగు ఒక కొస లాంచీలో ఉంది. రెండో కొస మోకాలి లోతు గోదావరిలో నిలబడ్డ బొజ్జయ్య భుజం మీద ఉంది.

భద్రాచలంలో రాముడి దర్శనం చేసుకుని, పనిలో పనిగా పాపికొండలు కూడా చూసి పోదామని వచ్చే వాళ్లకు నది కనిపిస్తుంది, కొండలు కనిపిస్తాయి, చేతిలో ఫోను కనిపిస్తుంది. నీళ్లలో నిలబడ్డ మనిషి మాత్రం కనిపించడు. కనిపించకపోతే పోయె! బల్ల మీద కాలు పెట్టగానే ఎంతటి వాళ్ల చెయ్యి అయినా బొంగును వెతుక్కుంటుంది. గాజుల చేతులు, ఉంగరాల చేతులు, చిప్స్ నూనె అంటిన చేతులు, భయానికి చెమట పట్టిన చేతులు. వాటన్నింటి బరువూ బొజ్జయ్య భుజంలోకి దిగుతుంది.

"అన్నా, ఈ బొంగుల చికెన్ ఎంత?" అన్నాడు ఒక నల్లద్దాల కుర్రాడు. వెనకున్న దోస్తులు పగలబడి నవ్వారు.

ఈ పరాచికం వినని రోజు ఉంటే కదా! "ఇది ముదురు బొంగు తమ్మీ, ఎంత కాల్చినా ఉడకది. జల్దీ దాటు," అన్నాడు బొజ్జయ్య.

మనిషి పొట్టి. యాభై దాటాయి. ఖాకీ నిక్కరు, లాంచీ వాళ్లిచ్చిన వెలిసిన బనీను. నీళ్లలో నాని నాని పాదాలు తెల్లబారి, వేళ్ల సందులు చీలిపోయాయి. కుడి భుజం మీద చర్మం కాయకట్టి నల్లగా మెరుస్తుంది. ఆ కాయ గురించి అడిగితే చాలు, చొక్కా ఉంటే పక్కకు జరిపి మరీ చూపిస్తాడు. అబ్బో, ఎంత గర్వమో!

బొంగు కూడా అతనిదే. తమ కోయగూడెం వెనకున్న అడవిలో, వెన్నెల రోజుల్లో కొడితే పురుగు పడుతుందని అమావాస్య దాకా ఆగి కొట్టుకొచ్చాడు. సెగ మీద తిప్పుతూ వంకర తీశాడు. పెళ్లాం ముత్తక్క తలకు దాచుకున్న ఇప్పనూనె అడగకుండా తీసి దానికి పట్టించాడు. "నన్ను గింత మంచిగ ఎన్నడన్న చూస్కున్నవా?" అని ఆమె నెల్లాళ్లు దెప్పింది. దెప్పితే దెప్పింది గానీ, ఆ బొంగు మీద చెయ్యి వేసిన వాళ్లందరూ క్షేమంగా ఒడ్డు తొక్కారు.

అందరూ అంటే, రూప్లి తప్ప.

ఇవాళ లాంచీ వైపు కొసను వంట చేసే దూలయ్య పట్టుకున్నాడు. పొయ్యి దగ్గర నుంచి లేపుకొచ్చి నిలబెట్టారేమో, చేతులకు మసి కూడా పోలేదు. నిన్నటిదాకా ఆ కొసను పట్టడానికి మనిషే లేడు. ఓనరు రామ్‌చందర్ సేటు నిరుడు రెండో మనిషిని మాన్పించి, ఆ కొసను లాంచీ కమ్మీకి తాడుతో కట్టించాడు. "తాడు కూలి అడగది, కల్లు అడగది," అన్నాడు. ఇవాళ తాడు మాయమైంది. బల్ల మీద కొత్త రబ్బరు పట్టా వెలిసింది. ఎందుకంటే ఖమ్మం వినియోగదారుల కమిషన్ నుంచి ఒక వకీలమ్మ రేవును చూడ్డానికి వస్తోంది.

రూప్లిది పెనుబల్లి దగ్గరి తండా. నిరుడు చలికాలంలో కూతురు ఉషారాణితో కలిసి లాంచీ ఎక్కడానికి వచ్చింది. బల్ల మీద కాలు పెట్టేముందు ఆగి, ఎవ్వరూ చూడని మనిషిని ఆమె చూసింది. "బిడ్డా, బరువైతలేదా?" అని అడిగింది. బొజ్జయ్యను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమే. అతను నవ్వాడు. ఆమె నడి బల్ల మీద ఉండగా ఇంకో లాంచీ దాటిపోయింది. అల వచ్చి కొట్టింది. కమ్మీకి కట్టిన తాడు జారి బొంగు అటు కొస ఎగిరిపోయింది. బొంగుతో పాటు రూప్లి కూడా రాళ్ల మీదికి పోయింది. తుంటి ఎముక విరిగింది. అప్పటినుంచి ఆమె సొంతంగా నడిచింది లేదు.

ఉషారాణి సత్తుపల్లి దవాఖానాలో నర్సు. ఊరుకోలేదు, నష్టపరిహారం కోసం కేసు వేసింది. సేటు ఇచ్చిన జవాబు ఏమిటయ్యా అంటే, బొంగును ఇద్దరు మనుషులు పట్టుకునే ఉన్నారు, ఆ ముసలమ్మే ఫోటో దిగడానికి చెయ్యి వదిలేసింది అని. చూశారా చోద్యం!

పొద్దున్నే సేటు బొజ్జయ్యను పక్కకు పిలిచాడు. "ఇద్దరం పట్టుకున్నమని చెప్పు. గంతే. నీ పని నీకుంటది."

ఆ మాటకు అర్థం బొజ్జయ్యకు తెలుసు. ఈ పని పోతే మళ్లీ మిరపకాయలు ఏరడానికి బోనకల్ దిక్కు పోవాలి. చేలగట్ల మీద పట్టా గుడిసె, మండే కళ్లు, ఆ ఘాటుకు తెల్లవార్లూ ముత్తక్క దగ్గు. రేవు పని దొరికాకే ఆమె దగ్గు తగ్గింది. రేవుకు బయల్దేరేముందు జావ పోస్తూ ఆమె అడిగింది కూడా, "ఏం చెప్తవు?" అని. "ఏమో," అన్నాడు. "ఏమో అనేటోనివి బొంగెందుకు పట్టినవు?" అంది ముత్తక్క, గిన్నె ముందుకు తోస్తూ. ఆమె మాటలు ఎప్పుడూ అంతే, మిరపకాయలే.

జనమంతా దిగాక వకీలమ్మ వచ్చింది. ప్రమీల ఆమె పేరు. చెప్పులు చేతపట్టుకుని ఒడ్డు దిగింది. ఉషారాణి వెంట వచ్చింది. రూప్లి దిగలేక పైన ఆటోలోనే ఉండిపోయింది. వకీలమ్మ బల్ల కొలిపించింది, ఫోటోలు తీసుకుంది. "ఆ రోజు కూడా ఇలాగే ఇద్దరు పట్టుకున్నారా?" అని అడిగింది.

"అవునండీ మేడం, ఎప్పుడూ..." అని సేటు అందుకున్నాడు.

"మిమ్మల్ని కాదు. అతన్ని అడిగాను."

బొజ్జయ్యకు భయం వేసింది. వెయ్యదా మరి? మిరప ఘాటు అప్పుడే ముక్కుకు తగిలినట్టయింది. సేటు వైపు చూశాడు, గోదారి వైపు చూశాడు, భుజం మీది బొంగు వైపు చూశాడు. ఎంత మురిపెంగా తెచ్చుకున్న బొంగు! దాన్ని భుజం మీద పెట్టుకుని అబద్ధం ఆడటమా?

"లేదమ్మా. అవుతల మనిషి లేడు. తాడుండె," అన్నాడు.

"బొజ్జయ్యా! మంచిగ యాది చేస్కో," అన్నాడు సేటు.

"యాదిలనే ఉన్నది సేటూ. పట్టనీకి దొర్కని రెండో మనిషి, ఆ అవ్వను మోయనీకి దొరికిండు. గీ బొంగుకే చీర కట్టి డోలీ చేసినం. ముంగట నేను, ఎన్క గీ దూలయ్య."

అందరూ దూలయ్య వైపు తిరిగారు. తల ఎత్తలేదు గానీ, "అవ్," అన్నాడు.

బొజ్జయ్య లాంచీ వైపు కొసను వకీలమ్మ ముందుకు తిప్పాడు. తాడు ఒరుసుకుని ఒరుసుకుని అక్కడ వెదురు గాడి పడింది. ఆమె వేలు పెట్టి తడిమింది, ఫోటో తీసింది, చెప్పినదంతా రాసుకుంది. కాగితం కింద బొజ్జయ్య తడిచేత్తో సంతకం పెట్టాడు.

"మా అమ్మ నిన్ను ఒకసారి రమ్మంటోంది," అంది ఉషారాణి.

ఆటోలో రూప్లి కాలు బారచాపి కూర్చుంది. చిక్కిపోయింది. బొజ్జయ్యను దగ్గరికి రమ్మని, కూతురు వినకూడదన్నట్టు గొంతు తగ్గించింది.

"బిడ్డా, నిజం చెప్పు. నేనే చెయ్యి ఇడిసిన్నా? వాళ్లు గట్లనే రాసిర్రంట. తండల గూడ గట్లనే అంటున్రు. పండుకుంటే నాకూ గట్లనే అనిపిస్తంది."

బొజ్జయ్య ఆటోలోకి వంగాడు. ఏడాదిగా ఈ మనిషి విరిగిన ఎముకతో పాటు ఈ మాటను కూడా మోస్తోందా!

"నువ్వు ఇడువలే అవ్వా," అన్నాడు. "పడ్డంక గూడ నీ పిడికిట్ల బొంగే ఉండె. నేనే ఒక్కొక్క వేలు ఇప్పిన."

రూప్లి కుడి చెయ్యి ఎత్తి అరచేతిని చూసుకుంది. వేళ్లు ముడిచింది, తెరిచింది, మళ్లీ ముడిచింది. తర్వాత రేవంతా వినపడేట్టు, "ఇన్నవా ఉషా? నేను ఇడువలేదంట!" అంది. తల నిటారుగా లేచింది. ఆటో కదిలి మలుపు తిరిగేదాకా ఆ తల అలాగే ఉంది.

మధ్యాహ్నం ట్రిప్పు మామూలుగానే సాగింది. పొద్దు కొండ వెనక్కి వాలుతుండగా లాంచీ తిరిగి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే దూలయ్య వచ్చి అటు కొస పట్టుకున్నాడు. బొజ్జయ్య మెడ తిప్పి, బొటనవేళ్లు బురదలో గుచ్చాడు. పిల్లలు, ముసలివాళ్లు, నవ్వుకుంటూ పోట్లాడుకుంటూ అందరూ దిగారు. ఒక్క కాలు కూడా తడబడలేదు. బొంగు అంత నిలకడగా ఎప్పుడూ లేదనిపించింది అతనికి.

చివరి మనిషి దిగాక సేటు వచ్చాడు. "రేపటిసంది రాకు," అన్నాడు. పొద్దున్నించి ఎదురుచూస్తున్న మాటే. బొజ్జయ్య తలూపి, కాళ్లు కడుక్కుని, తువ్వాల దులిపి తలకు చుట్టుకున్నాడు.

"నీ బొంగు నువ్వు తీస్కపో."

"ఉండనీ సేటూ. రేపు దిగేటోళ్లకు కావాలె గద. ఇద్దర్ని పెట్టు."

అడవి బాట పట్టి గూడెం వైపు నడిచాడు. మిరపతోటల సంగతి గుర్తుకు రాకపోలేదు. ముత్తక్క దగ్గూ గుర్తొచ్చింది. అయినా భుజం తేలిగ్గా ఉంది, మెడ నిటారుగా ఉంది. ముత్తక్క అడిగితే ఈసారి "ఏమో" అననవసరం లేదు. ఆ సంగతి తలుచుకుని, దారిలో ఎవరూ లేకపోయినా నవ్వుకున్నాడు.

రేవులో రాళ్ల మీద బొంగు ఒక్కటే మిగిలింది. ఒక కొస బొజ్జయ్య భుజం రాసుకుని నున్నగా మెరుస్తోంది. రెండో కొసన తాడు కోసిన గాడి, ఆ గాడి మీద దూలయ్య చేతి మసి.